అటక మీద వడియాలు

ఇంజనీరింగ్ పట్టా ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. ఐర్లండులో, రింగాస్కిడీ అనే ఊళ్ళోని ఒక మందుల ఫ్యాక్టరీలో, మాత్రలు తయారయ్యే గదిలో తేమ పెరగకుండా చూడటం నా ఉద్యోగం. (పెరిగితే మాత్రలు మెత్తబడతాయి, మేనేజరు గట్టిపడతాడు.) ఉండేది అక్కాబావలు కొత్తగా కొన్న ఇంట్లో. ఆ చలికాలం బావ వాళ్ళమ్మ, రిటైరైన సైన్సు టీచరు, గుంటూరు నుంచి మొదటిసారి వస్తున్నారు. "ఎండ లేని దేశంలో వడియాలు కూడా పెట్టుకోలేవు, ఏం కాపురమమ్మా!" అని ఆవిడ ఫోనులో ఎప్పుడూ అనే మాట అక్కకు ముల్లులా గుచ్చుకునేది. ఈసారి అత్తగారి కంచంలో తను పెట్టిన వడియాలే వెయ్యాలని పట్టుబట్టింది.

నేను అటకెక్కి పరిశీలించాను. ఒకటి, చోటుంది. రెండు, చలిగాలి కొడుతోంది. మూడు, ఆ గాలి చూరు కింద వదిలిన సందుల్లోంచి వస్తోంది. ఇల్లు కట్టినవాడి తెలివికి జాలిపడి, ఆ సందులన్నిటిలో పాత దుప్పట్లు కుక్కేశాను. కింది వెచ్చదనం పైకి రావాలని అటక తలుపు తీసి ఉంచాను.

"కాస్త గాలాడాలేమోరా?" అంది అక్క.

"తేమ సంగతి నాకే చెప్తావా అక్కా?"

పాపం, నమ్మి పళ్ళేల నిండా సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. వంటింటి ఆవిరి, స్నానాల ఆవిరి, వడియాల తడి అన్నీ అటకకు చేరి, బయటికి దారిలేక, చల్లటి పైకప్పుకు మంచై పట్టుకున్నాయి. టార్చి వేస్తే కప్పు చెక్కల్లోంచి పొడుచుకొచ్చిన మేకుల మొనలన్నీ తెల్లగా మెరిశాయి. (బాగుందని ఫోటో కూడా తీశాను.)

సరిగ్గా అత్తగారు దిగిన రోజే చలి తగ్గి ఆ మంచు మొత్తం కరిగింది. గది చూపిద్దామని మేడ మీదికి తీసుకెళ్తే, అటక తలుపులోంచి ఆవిడ నెత్తిన టపటపా చుక్కలు.

"ఏమ్మా, ఈ దేశంలో ఇంట్లోనూ వానేనా?"

"అంతా గ్రాండే అమ్మా, చిన్న లీకు," అన్నాడు బావ, ఏం జరిగినా 'గ్రాండ్' అనే ఇక్కడివాళ్ళ ధోరణిలో. అది లీకు కాదని నేను శాస్త్రీయంగా వివరించబోయాను.

"వేడన్నం మీద మూత పెడితే మూతకి నీళ్ళు పడతాయని చిన్న క్లాసులోనే చెప్తాం నాయనా. ఆ పూట బడి ఎగ్గొట్టావా?"

దుప్పట్లు పీకాను. పళ్ళేలు దించాను. వడియాలు జావై ఈదుతున్నాయి. అక్క ఏడుపు ఆపుకుంటూ గోడకు ఆనుకుంది. అత్తగారు నీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన ముద్దను వేలితో తీసి నాలిక్కి రాసుకున్నారు.

"ఉప్పూ కారం నాకంటే నీకే బాగా కుదిరాయే! పిండి నీ పని, బాగుంది. ఎండబెట్టడం మీ తమ్ముడి పని, తగలడింది."

అక్క పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఇప్పుడు నా సొంత అటకలో సందులన్నీ తెరిచే ఉంటాయి, తలుపు బిగించి ఉంటుంది, మేకులు పొడిగా ఉంటాయి. అయినా ఒక్కోసారి టార్చితో పైకెక్కినప్పుడు దుప్పట్లు కుక్కిన ఆనాటి కుర్రాడు గుర్తొస్తాడు. అంత ధీమాగా తప్పు చేయడం మళ్ళీ నాకు చేతకాలేదు.