గంటన్నర దూరంలో కువైటు

పాకాల జంక్షన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దేవరాజులు నోట బండి వేళ తప్పు రాదు. కాట్పాడి బండి ఎప్పుడు, ధర్మవరం బండి ఎంత ఆలస్యం, ఊరంతా అతన్నే అడుగుతుంది. ఆ పేరంటే అతనికి ప్రాణం. బామ్మర్ది చెంగయ్య కువైటు నుంచి సెలవు మీద వస్తున్నాడనగానే ఆ లెక్కా తనే కట్టాడు.

చెంగయ్య అక్కడ లారీ డ్రైవరు. రెండేళ్ళ కిందట, ఎనభై ఒకటిలో, చేరగానే జాబు రాశాడు. బొంబాయిలో పొద్దున ఎనిమిదికి విమానమెక్కి తొమ్మిదిన్నరకు కువైటులో దిగాడట. దూరం పదిహేడు వందల మైళ్ళట. గంటన్నరలో అంత దూరమా అని దేవరాజులు నోరెళ్ళబెట్టాడు గానీ, రాసినవాడు అబద్ధాలకోరు కాడు. ఇప్పుడు గురువారం పొద్దున ఎనిమిదికి అక్కడ ఎక్కుతానని రాశాడు. అంటే తొమ్మిదిన్నరకు బొంబాయి, మధ్యాహ్నం మద్రాసు రైలు, మర్నాడు మధ్యాహ్నం రేణిగుంట, మూడుకల్లా పాకాల.

ఇంట్లో ఏడాది పాపకు చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించడం ఆనవాయితీ. దేవరాజులు భార్య పంకజాక్షికి ఉన్నది ఒక్కడే తమ్ముడు, అమ్మానాయనలు పోయాక చేతుల మీద పెంచిన తమ్ముడు. అయ్యవారు శుక్రవారం సాయంత్రం ఒకటి, ఆదివారం ఒకటి ముహూర్తాలు చెబితే, ఆదివారం పెట్టుకుందామని ఆమె బతిమాలింది. దేవరాజులు వినలేదు.

"నేను చెప్పిన టైము ఎప్పుడన్నా తప్పిందా?" అన్నాడు.

శుక్రవారం మూడుకు బండి వచ్చింది. చెంగయ్య రాలేదు. దేవరాజులు పెట్టె పెట్టే రెండుసార్లు వెతికాడు. నాలుగున్నర ముహూర్తం దాటిపోతోందని చుట్టాలు తొందరపెట్టి, వరసకు మామ అయ్యే వరదయ్యను పీట మీద కూర్చోబెట్టారు. కంసాలి ఆచారి బంగారు తీగతో ఒక చెవి కుట్టాడు. పాప గుక్కపట్టింది. రెండో తీగ అందుకోబోతే పంకజాక్షి బిడ్డను లాక్కుంది.

"ఈ చెవి మా తమ్ముడిది" అని లోపలికి పోయింది.

శనివారం పొద్దున చెంగయ్య దిగాడు. విమానం బొంబాయి చేరేసరికి రెండున్నర అయిందట, మధ్యాహ్నం రైలు అందలేదట.

"పోయేదానికి గంటన్నర, వచ్చేదానికి ఆరున్నర గంటా?" దేవరాజులు నిలదీశాడు.

"ఎటుపోయినా నాలుగు గంటలే బావా. ఆడ గడియారం మనకంటే రెండున్నర గంట ఎనక ఉండాది."

దేవరాజులు వేళ్ళు మడిచాడు, విప్పాడు. రైల్వేకు దేశమంతా ఒకటే గడియారం. మధ్యలో పోయిన ఆ గంటలు ఎక్కడ పోయాయో, మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చాయో అతనికి అంతుపట్టలేదు. తనకిన్నాళ్ళూ తెలిసిందేమిటని తల తిరిగింది, సిగ్గు కూడా వేసింది.

ఆచారిని మళ్ళీ పిలిపించారు. పాప మేనమామ ఒళ్ళో కుదురుకుంది. తొమ్మిది దాటిందనీ, రాహుకాలమనీ దేవరాజులు నసిగాడు.

పంకజాక్షి తలెత్తలేదు. "ఇంక టైము ఎవురూ సెప్పొద్దు. నా తమ్ముడు వచ్చినాడు."

దేవరాజులు బిడ్డ కాళ్ళు పట్టుకున్నాడు.