మణికట్టు కదపకు అన్నాను

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం తింటున్నా, ఆట ఆడుతున్నా, పిల్లలకు పాఠం చెబుతున్నా అది కదలదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. చెబుదామని కూర్చుంటేనే గుండె దడదడలాడుతోంది. భయం కాదిది. పెద్ద పోటీకి ముందు ఉండే దడ.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద పూల్ నేర్పుతాను, బల్ల మీది బంతుల్ని కర్రతో కొట్టి అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట. గోడ మీద నా ఫొటో ఉంటుంది, చేతిలో రాష్ట్ర పోటీలో గెలిచిన కప్పు. దాని కింద నిలబడి కొత్తగా చేరినవాళ్లందరికీ ఒకే సంగతి చెబుతాను. పుట్టుకతో వచ్చేదేమీ లేదు, అంతా కష్టమే అని. రోజుకు ఆరు గంటలు ఆడినవాణ్ణి కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందని వాళ్లనుకుంటారు. ఉందా?

నేను పోటీలు ఆడే రోజుల్లో, మేమంతా ఆడుకునే హాలుకు మార్కండేయులు అనే కుర్రాడు మంగళగిరి నుంచి బస్సెక్కి వచ్చేవాడు. వాళ్లది చేనేత కుటుంబం. వారానికి ఒక పూట వచ్చేవాడు, అమావాస్యకు మగ్గం ఆపితే రోజంతా ఉండేవాడు. చొక్కా చేతులు మడిచి కర్ర అందుకునేవాడు. ఇక చూడాలి! అతను కొట్టిన తెల్లబంతి ఎదుటి బంతిని పాకెట్లోకి తోసి, ఎవరో పిలిచినట్టు వెనక్కి వచ్చేది. జానెడు రావాలంటే జానెడు, మూరెడు రావాలంటే మూరెడు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నా వేళ్లు ఊరుకోవడం లేదు. అందరం మా ఆటలు ఆపేసి ఆ బల్ల చుట్టూ మూగేవాళ్లం. నేనూ కేకలు వేసేవాణ్ణి, నిజంగా ఆనందం పట్టలేకే వేసేవాణ్ణి. ఇంటికెళ్లాక మాత్రం ఒళ్లు మండిపోయేది. ఏళ్ల తరబడి వీడియోలు చూసి, నోటు పుస్తకాలు నింపి, నడుం పడిపోయేదాకా సాధన చేసి నేను పట్టుకోలేనిది ఇతనికి ఊరికే ఎలా వచ్చింది?

ఒకసారి వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. నేను వెళ్లేసరికి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. ఇంకో జానెడు నేస్తే చీర అయిపోతుంది, కాసేపు కూర్చోమన్నాడు. కుడిచేత్తో తాడు లాగుతున్నాడు. లాగినప్పుడల్లా నాడె దారాన్ని పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతోంది. మోచెయ్యి నిలకడగా ఉంది. మణికట్టు మాత్రం చివర్లో చిన్నగా విదిల్చినట్టు కదులుతోంది. అదే! తెల్లబంతిని వెనక్కి రప్పించే కదలిక అదే!

తొమ్మిదో ఏట నుంచే, బడి నుంచి రాగానే మగ్గం ఎక్కేవాడని వాళ్లమ్మగారు వడ్డిస్తూ చెప్పారు. అప్పటి నుంచి ఆ చెయ్యి ఎన్ని లక్షల సార్లు తాడు లాగి ఉంటుంది? అతనికి ఊరికే వచ్చిందేమీ లేదు. నాకంటే ఎక్కువ సాధన చేశాడు, ఆ సంగతి తనకే తెలియదు. నా ఒక్కడికే తెలిసింది. లేచి గంతులెయ్యాలనిపించింది. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. మింగేశాను. మేమిద్దరం ఆడాల్సిన రాష్ట్ర పోటీ ఇంకో నెలలో ఉంది.

వారం తర్వాత అతనే నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఆడుతున్నాను గానీ ఎట్టా ఆడుతున్నానో నాకే తెలవట్లేదు. పెద్ద పోటీలో ఏడ తేడా కొడుద్దో అని బయ్యంగా ఉంది. నువ్వు అన్నీ చదివినోడివి, చూసి చెప్పన్నా."

నాలుగు బంతులు కొట్టించి చూశాను. చూడాల్సిన అవసరమే లేదు.

"మణికట్టు కదుపుతున్నావురా. అదే తప్పు. బిగబట్టి ఉంచు."

"అంతేనా అన్నా?"

"అంతే. ఆ ఒక్కటీ సరిచేసుకో."

నా గొంతు ఎంత ప్రేమగా పలికిందో మీరు వినాల్సింది! కొత్తవాళ్లకు పుస్తకాల్లో అలాగే రాస్తారు కాబట్టి అది అబద్ధంలా వినిపించలేదు. నాకు నేను కూడా అదే సర్దిచెప్పుకున్నాను. సలహాయేగా ఇచ్చాను? నమ్మమని ఎవరు బలవంతపెట్టారు?

ఫైనల్‌కు మేమిద్దరమే వచ్చాం. చివరి ఆటలో బల్ల మీద రెండే రంగు బంతులు మిగిలాయి, వంతు అతనిది. దగ్గరగా ఉన్నదాన్ని పాకెట్లో వేసి తెల్లబంతిని వెనక్కి తెచ్చుకుంటే, రెండోది కూడా వేసి కప్పు పట్టుకుపోతాడు. అతను వంగాడు. మణికట్టు కొయ్యలా బిగుసుకుని ఉంది. బంతి పాకెట్లో పడింది. తెల్లబంతి వెనక్కి రాలేదు. మెల్లగా ముందుకు నడిచి, నడిచి, దాని వెనకే అదే పాకెట్లో పడింది. హాలంతా అయ్యో అంది. నాలోపల ఏదో ఎగిరి గంతేసింది. ఆ సంతోషాన్ని నేను మర్చిపోలేదు, అంత సంతోషం మళ్లీ ఎరగను కూడా. తెల్లబంతి పాకెట్లో పడితే కొట్టినవాడి వంతు పోతుంది. ఇక అది నాది, కావాల్సిన చోట పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాను. కొట్టాను. గెలిచాను.

అతను వచ్చి చెయ్యి కలిపాడు. తనకు సాధన చాలలేదని, ఇకనుంచి నాలా కష్టపడతానని అన్నాడు. అన్నంత పనీ చేశాడు. నేత తగ్గించుకుని ఏడాది పాటు రోజూ వచ్చాడు. నేను చెప్పిన తప్పును, నేను ఏనాడూ పడనంత కష్టపడి నేర్చుకున్నాడు. చివరికి తిన్నగా ఉన్న బంతి కూడా పడేది కాదు. నేను పక్క బల్ల మీద ఆడుతూ చూస్తుండేవాణ్ణి. చెయ్యి వదులు చెయ్యరా అంటే చాలు. ఏడాదిలో ఏ రోజైనా అనొచ్చు. అనలేదు. తర్వాత అతను రావడం మానేశాడు.

మొన్న వన్ టౌన్‌లో బట్టల కొట్ల దగ్గర ఎదురయ్యాడు. నేసిన చీరలు కొట్లకు అమ్మడానికి వచ్చాడట, పక్కన కూతురు. ఈ పెదనాన్న నాకు సరైన దారే చూపించాడమ్మా, నాకే కష్టపడటం చాతకాలేదు అని ఆ పిల్లకు నన్ను చూపించాడు. ఆ పిల్ల నాకు దణ్ణం పెట్టింది. నేను నవ్వుతూ తల నిమిరాను.

అక్కడే చెప్పాల్సింది. రేపు వెళ్లి చెబుతానా? మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు.

అతని చేతిని పాడుచేసింది నేను. తెలిసే చేశాను. ఈ రెండు వాక్యాలూ రాశాక కూర్చోలేక లేచి గదిలో అటూ ఇటూ నడిచాను. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఆ తేలికకు నేను తగనని తెలుసు. అయినా ఉంది.