పెద్దమ్మ పెంచిన చర్మం

మా పెద్దమ్మ చేతులకు ఎప్పుడూ స్పిరిట్ వాసన ఉండేది. ఎంత సబ్బు పెట్టి తోమినా వదిలేది కాదు. ఇప్పటికీ ఏ ఆసుపత్రి వరండాలోనైనా ఆ వాసన తగిలితే నాకు ఆవిడ ఒడిలో కునుకు తీసిన సాయంత్రాలే గుర్తొస్తాయి.

ప్రయోగశాలలో చర్మం పెంచడం ఆవిడ పని. కాలిన ఒంటికి అతికించే చర్మం. ఈ పిచ్చి ఆవిడకు మా అమ్మ వల్లే పట్టింది. చిన్నప్పుడు స్టవ్ పేలి అమ్మ చెయ్యి మోచేతి దాకా కాలింది. తొడ మీది చర్మం తీసి అతికించారు. కట్టు మార్చినప్పుడల్లా చెల్లెలు పెట్టే కేకలకు చెవులు మూసుకున్న అక్క, పెద్దయ్యాక ఈ చదువే చదివింది.

గాజు పళ్ళెంలో చర్మం ముద్దుగా పెరిగేది. ఎలుక వీపుకు అతికించాక మాత్రం అంచులు బతికి నడిమధ్య నల్లబడేది. కొత్త రక్తనాళాలు మొలవక, అక్కడిదాకా రక్తం చేరేది కాదు. అందరూ తప్పు తెల్లకణాల మీద వేశారు. ఒంట్లో చేరిన క్రిముల్నీ చెత్తనీ మింగే కాపలా కణాలవి. పరాయిదనుకుని చర్మాన్ని అవే పాడుచేస్తున్నాయని మందులతో అణిచేశారు. చర్మం ఇంకా తొందరగా చచ్చింది.

"మందు మానేద్దాం సార్. ఆ కణాల్నే కొన్ని చర్మంలో కలిపి చూద్దాం" అంది పెద్దమ్మ.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీశాడు. "కూల్చేవాళ్ళని పిలిచి ఇల్లు కట్టమంటావా అమ్మా?"

"కూలుస్తుంటే మనం చూళ్ళేదు కదండీ. కూలినచోట కనపడ్డారంతే."

ఆయన నవ్వి సరేనన్నాడు. తొలిసారి కణాలు ఎక్కువై చర్మం వాచి ఊడొచ్చింది. పెద్దమ్మ తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

"నా చెయ్యి కాలినప్పుడు కూడా ఇంత ఏడవలేదే నువ్వు. లే, తిను" అంది అమ్మ.

పెద్దమ్మ కణాల మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. ఓ ఉదయం ఫోన్ చేసి, "ఒసేయ్, ఉన్నపళంగా రా!" అని కేకేసింది. అమ్మ నన్ను చంకనేసుకుని పరిగెత్తింది. సూక్ష్మదర్శినిలో చర్మం నడిబొడ్డు దాకా సన్నటి ఎర్రగీతలు పాకి ఉన్నాయట. దారి వెతుక్కుంటున్న రెండు నాళాల కొసల్ని ఆ కాపలా కణాలే పట్టుకుని కలుపుతున్నాయట. అమ్మ చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఇది నా చేతికి పెడతావా అక్కా?"

"పాత మచ్చకి పనికిరాదే. అసలు ఎలుకని దాటి మనిషి దాకా రావడానికే ఏళ్ళు పడుతుంది."

"పోన్లే" అని అమ్మ అక్క భుజానికి తల ఆనించింది.

ఆ పని మనుషుల దాకా చేరకముందే పెద్దమ్మ రిటైరైంది. తర్వాతి వాళ్ళు ఇంకా చేస్తూనే ఉన్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఆ ఎర్రగీతలు చూసిన రోజు ఇంటికి తిరిగొస్తూ బస్సులో కిటికీ సీటు కోసం ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు. ఎవరూ తగ్గకపోయేసరికి చివరికి నన్ను కూర్చోబెట్టారు.