అక్క వంతు మెంతికూర

మొన్న మా మనవరాలు బజారు నుంచి కొర్రల పొట్లం తెచ్చి, అదేదో కొత్తగా కనిపెట్టిన మందన్నట్టు, "అమ్మమ్మా, ఇవి తింటే షుగరు తగ్గుద్దంట" అని నా ఒళ్ళో పెట్టింది. నవ్వొచ్చింది నాకు. వరన్నం దొరక్క మేము తిన్న కొర్రలకు ఇప్పుడెంత మర్యాదో! ఆ పిల్ల వాటిని మూకుట్లో పోసి వేయించడం మొదలుపెట్టింది. ఆ కమ్మటి వాసన నా మంచం దాకా వచ్చేసరికి నవ్వు కాస్తా ఎటు పోయిందో పోయింది. "బాల్కనీలో మెంతికూర కోసుకురా అమ్మమ్మా" అని కేకేస్తే లేచాను గానీ, కాళ్ళు మాత్రం మా పాత పెరట్లోకి నడిచాయి.

మాది గురజాల దగ్గర పల్లె. నాన్న మిషనోళ్ళ గుడి బళ్ళో పంతులు. యుద్ధం రోజులవి, బియ్యానికి కంట్రోలు. అయినా క్రిస్మస్‌కి మాకు బియ్యం బెంగ లేదు, ఎందుకంటే వేటమాంసం పులుసు పక్కన మెంతికొర్రలు లేకపోతే మా ఇంట్లో అది పండగే కాదు. చలి ముదిరి, నల్లరేగడి చేలల్లో కంది పచ్చగా పూతకొచ్చి, పొద్దున్నే నాపరాళ్ళ అరుగు మీద కాలు పెడితే జివ్వుమనే రోజుల్లో, అమ్మ పెరట్లో బావి పక్కన మడి కట్టి మెంతులు, ధనియాలు చల్లేది. మేము రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టుకునే వేళకు ఆ మడి అంతా లేత ఆకుతో నిండిపోయేది.

మెంతికొర్రలకు పెత్తనం మాత్రం మా అక్క సువార్తది. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నోరు ఇంకా పెద్ద. కొర్రలు రోట్లో దంచి, పొట్టు చెరిగి, దోరగా వేయించి, నెయ్యీ ఉల్లికాడలూ వేసిన ఎసట్లో పోసి, కందికంప మంట మీద పొడిపొడిగా ఉడికించేది. ఆకు వెయ్యడంలోనే ఉంది అసలు పని. కుండ పొయ్యి మీంచి దించాకనే తరిగిన మెంతికూర, కొత్తిమీర పైన పరిచి, తడిగుడ్డ కప్పి మూత పెట్టేది. అప్పుడు ఆవిరికే ఆకు మగ్గి, పచ్చిదనం పోయి, వాసన మిగిలేది. "మూత ఎవురన్నా తీశారంటే చేతులు ఇరగ్గొడతా" అని గరిటె పట్టుకుని కుండ పక్కనే కూర్చునేది. నాన్న కూడా అటు పోయేవాడు కాదు.

ఒక ఏడు పండగ ముందు అక్కకు జ్వరం పట్టుకుంది. ఎన్ని కషాయాలు పోసినా విడవలేదు. మా వైపు అప్పట్లో అలాంటి జ్వరానికి లంఖణమే మందు. జ్వరం పూర్తిగా దిగి, వైద్యుడు చెప్పి, పథ్యం పెట్టేదాకా, అంటే తొలి ముద్ద పెట్టేదాకా, మెతుకు ముట్టనిచ్చేవాళ్ళు కాదు. "ముద్ద పెట్టారో, పేగు తెగుద్ది" అన్నాడు మా వైద్యుడు తాత. వేణ్ణీళ్ళే తాగి తాగి, అక్క నులకమంచంలో కనపడీ కనపడకుండా అయిపోయింది.

పండగనాడు అమ్మే వండింది. పక్క గదిలోంచి అక్క గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా, ఆకు ముందే ఏశావా ఏంది? కుండ ఇంకా దించలా?"

నిజమే. పరధ్యానంలో అమ్మ పొయ్యి మీదుండగానే ఆకు వేసేసింది. కళ్ళు మూసుకుని పడుకున్న పిల్ల వాసనతోనే పట్టేసింది. అమ్మ నవ్వుతూ, ఏడుస్తూ ఆ గదిలోకి పరిగెత్తింది.

"ఒక్క ముద్దే అమ్మా. చానా ఆకలిగా ఉంది."

"పథ్యం పెట్టిన్నాడు నీ కోసమే వండుతా, నా తల్లి. నీ వంతు మెంతికూర మడిలో ఆ మూల కోయకుండా ఉంచా. కావాలంటే చెల్లిని అడుగు."

అక్క నా వైపు చూసింది. ఉందన్నట్టు తలూపాను. సరేలే అన్నట్టు గోడవైపు తిరిగి పడుకుంది.

కొత్త సంవత్సరం ఆరాధనకు గుడిగంట కొట్టకముందే అక్క వెళ్ళిపోయింది.

మడి మూలన ఆ గుప్పెడు మెంతికూర అలాగే ఉండిపోయింది. ముదిరింది, పూసింది, కాయలు కాసింది. నాన్న ఒకరోజు పీకబోతే, ఏనాడూ ఆయనకు ఎదురు మాట్లాడని అమ్మ, "అది దానిది. ముట్టుకోబాకండి" అని అరిచింది. ఆ గింజలే దాచి మరుసటేడు చల్లింది. ఇక ఏటా అంతే. మడి అంతా కోసి, ఆ మూల మాత్రం వదిలేసేది. పండక్కి వండి మాకందరికీ పెట్టేది గానీ తాను మెతుకు ముట్టేది కాదు. నువ్వూ తినమ్మా అని బతిమాలితే, "నాకింకా పథ్యం పెట్టలేదే" అనేది. ముసలిదై కన్నుమూసేదాకా అదే మాట.

పోయిన ఏడు ఈ మనవరాలికే టైఫాయిడ్ వస్తే నరసరావుపేట తీసుకెళ్ళాం. "తిండి మానిపించకండి, మెత్తగా వండి బాగా పెట్టండి, లేకపోతే నీరసానికే పోతారు" అంది డాక్టరమ్మ. అక్కకు పట్టుకున్నదీ అలాంటి జ్వరమే. ఈ మాట వినకుండా పోయింది మా అమ్మ. ఆమె బతుక్కి దేవుడు చేసిన మేలు అదొక్కటే అనిపించింది.

ఆ పెరడు లేదు, ఆ బావి పూడ్చేశారు. అమ్మ దాచిన మెంతుల మూట ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో కూడా తెలియదు. ఈ కుండీలోవి కొట్లో కొన్న గింజలే.

ఎంతసేపటికీ రాలేదని మనవరాలే బాల్కనీలోకి వచ్చింది. నా చేతిలో ఆకు అందుకుని కుండీ వైపు చూసింది.

"ఆ మూల కొంచెం వదిలేశావేంది అమ్మమ్మా?"

"అది మా అక్కది" అన్నాను.