తొంభై ఆరు వాట్లని ముందు చెప్పింది నేను

యుద్ధం నుంచి వచ్చినవాళ్లను ఊరంతా చుట్టూ కూర్చుని కథలు అడిగింది. నన్ను ఎవరూ అడగలేదు. నేను తుపాకీ పేల్చలేదు. బ్యాటరీలు ఛార్జ్ చేశాను. అదీ ఒక డ్యూటీయేనా అనుకున్నారు. మా హవల్దారుకు మూడు ఉత్తరాలు రాశాను. ఆయనా పలకలేదు. ఇక అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. అస్సాం వైపు నుంచి బదిలీ మీద, ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆరు గంటలకు నాంపల్లి స్టేషన్‌లో దిగాను. కిట్ బ్యాగు, దుప్పటి, నీళ్ల సీసా. రాత్రి గడిచినా రాళ్లలో వేడి తగ్గలేదు. స్టేషన్ వెనక రేకుల షెడ్డులో మా పని. ఒక ఇంజను, దానికి డైనమో, గోడకు వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు. రోజూ సాయంత్రం నాలుగింటికల్లా వైర్‌లెస్ సెట్ల బ్యాటరీలు నిండాలి.

షెడ్డులో మేం ముగ్గురం. హవల్దారు, నేను, ఇంకో సిపాయి. అతను సుల్తాన్ బజార్ బట్టల వ్యాపారి కొడుకు. మెట్రిక్ పాసయ్యాడు. ఇంగ్లీషు రాత అచ్చు వేసినట్టుండేది. ఆదివారం ఆదివారం ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ వచ్చేది. హవల్దారు అందులోంచే తినేవాడు. నేను నల్గొండ వైపు వాణ్ని, నూనె మిల్లు మోటారు దగ్గర పని నేర్చినవాణ్ని. సర్వీసులో అతనికంటే ఆరు నెలలు సీనియర్ని. ఆ క్యారియర్ మూత తీసిన చప్పుడుకే నాకు ఒళ్లు మండేది.

మొదటి వారంలోనే హవల్దారు చెప్పాడు.

"మీ ఇద్దర్ల ఒక్కనికే లాన్స్ నాయక్ పట్టీ. వాడు గీడనే ఉండి కొత్తోళ్లకు పని నేర్పుతడు. రెండోవాడు మళ్ల అస్సాం పోతడు. సమజైందా?"

అయింది. ఆ రాత్రి నుంచి, పట్టీ పడేది అక్కడేనా అని ఆ సిపాయి భుజమే చూస్తూ ఉన్నాను.

రెండో వారం, ఛార్జింగ్ లైన్లో ఉండే పాత తీగచుట్ట తెగిపోయింది. డైనమో ముప్పై ఆరు వోల్టులు ఇస్తుంది. బ్యాటరీకి పన్నెండు చాలు. మిగతా ఇరవై నాలుగూ ఆ చుట్ట దగ్గరే పడిపోవాలి. కరెంటు నాలుగు ఆంపియర్లు మించరాదు.

"ఇరవై నాలుగును నాలుగుతోని భాగిస్తే ఆరు," అన్నాడతను. "ఆరు ఓముల చుట్ట ఎయ్యాలె. గంతే గద అన్నా, మొకం గట్ల పెట్టినవేంది?"

"ఓములు సరే తమ్మీ. వాట్లు జూసినవా? ఇరవై నాలుగును నాలుగుతోని గుణించు. తొంభై ఆరు. స్టోరుల ఉన్న ఆరు ఓముల చుట్ట మీద నలభై వాట్లని కొట్టి ఉన్నది. కాలిపోతది."

"ఇది మీ మిల్లుల గానుగ గాదన్నా!"

హవల్దారు పగలబడి నవ్వాడు. "ఎయ్యిరా, జూద్దాం."

పదకొండూ పదికి స్విచ్ వేశారు. నాలుగు నిమిషాలకు చుట్ట ఎర్రబడింది. ఏడో నిమిషంలో కింది చెక్క పొగలేచి, తీగ తెగింది. మీటరు ముల్లు సున్నాకు పడింది. హవల్దారు బకెట్లోని ఇసుక దాని మీద కుమ్మరించాడు.

"రేపు పది గంటలకు సాహెబ్ తనిఖీకి వస్తడురా. ఏం జేద్దాం?"

స్టోరులో అలాంటి చుట్టలు ఇంకా నాలుగున్నాయి. మర్నాడు ఐదింటికి లేచాను. రెండింటిని వరసగా కట్టాను, పన్నెండు ఓములయ్యాయి. మిగతా రెండింటినీ అలాగే. ఆ రెండు వరసలనూ పక్కపక్కన కలిపితే మళ్లీ ఆరే. స్విచ్ వేశాను. ముల్లు నాలుగు మీద నిలిచింది. ఒక్కో చుట్ట మీద పన్నెండు వోల్టులు, రెండు ఆంపియర్లు, అంటే ఇరవై నాలుగు వాట్లే. అరగంటైనా ఎర్రబడలేదు. హవల్దారు పక్కనే ఉన్నాడు.

"శభాష్ రా!" అన్నాడు. ఆ సిపాయి అప్పటికింకా పక్క మీద నుంచి లేవలేదు.

కొత్త కనెక్షన్ కడితే లెక్కంతా నల్లబల్ల మీద రాసి, కింద కట్టినవాడు పేరు పెట్టడం మా షెడ్డు పద్ధతి. నేను సుద్ద తీసుకున్నాను.

"బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. దవాఖానకు పోయి తే, జల్ది," అన్నాడు హవల్దారు.

"పేరు రాసి పోత హవల్దార్ సాబ్."

"వచ్చి రాద్దువు తియ్. నడువ్."

నడిచాను. దవాఖానలో సీసాలు నింపి ఇచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. పదీ ఇరవైకి తిరిగొచ్చాను. బల్ల నిండా ఇంగ్లీషు. నాలుగు చుట్టల బొమ్మ, ఓములు, వాట్లు, తప్పు లేదు. కింద ఆ సిపాయి పేరు. సాహెబ్ చేయి అతని భుజం మీద ఉంది. హవల్దారు బెల్టు బకిలు సర్దుకుంటున్నాడు.

సాహెబ్ వెళ్లాక అడిగాను.

"ఏంది తమ్మీ ఇది?"

"నువ్వు లేవు గదన్నా. బల్ల ఖాళీగున్నది. సాహెబ్ అడిగిండు, నేను రాసిన."

హవల్దారు ఇంజను వైపు తిరిగి, నూనె సరిపోయిందా అని నన్నే అడిగాడు.

ఎనిమిది రోజులకు నాకు అస్సాం ఆర్డరు వచ్చింది. మధ్యాహ్నం బండి. సబ్బు కొందామని ఆబిడ్స్ వైపు వెళ్లాను. ఒక దర్జీ కొట్లో అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి చాపి పెట్టాడు. దర్జీ అతని చొక్కా మీదే పట్టీ కుడుతున్నాడు. ఆఖరి కుట్టు వేసి, వంగి, దారం పళ్లతో కొరికాడు. అతను తల తిప్పి భుజం చూసుకున్నాడు, చంటిబిడ్డను చూసుకున్నట్టు. నన్ను చూడలేదు. సబ్బు కొనకుండానే బండెక్కాను.

అస్సాం వానలు చూశాను, జ్వరాలు చూశాను, యుద్ధం ముగిసి పట్టీ లేకుండానే ఇల్లు చేరాను. అవన్నీ అలుక్కుపోయాయి. ఆ దర్జీ వంగడం, దారం తెగడం మాత్రం కళ్లు మూసినా కనబడతాయి.

హవల్దార్ సాబ్, అతన్ని నేను అడగను. ఖాళీ బల్ల కనబడింది, రాసుకున్నాడు. ఆ పొద్దున షెడ్డులో ఉన్నది మీరు, నేను. శభాష్ అన్నది మీ నోరే. సాహెబ్ ముందు ఆ నోరు ఎందుకు లేవలేదు? ఇది నాలుగో ఉత్తరం అనుకోండి. జవాబు రాయండి.