బాబాయి కారుకు నేను ఎంచిన ఫ్లైవీల్

ఆ రోజుల్లో మా కొత్తపేట వైపు మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్ల అంటే అందరికీ ఎంతో గౌరవం. మిక్సీ పాడైతే ముందు ఆమెనే పిలిచేవారు. నాకు చెన్నైలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. నాన్న “ఆలోచిద్దాం” అన్నారు. మా నాన్న ఆలోచిద్దాం అన్న విషయాలు ఇంకా ఆలోచనలోనే ఉన్నాయి, పెరటి గోడతో సహా. ఇంట్లో కూర్చుని మిక్సీలు విప్పుతూ, ఆ ఆలోచన ఎప్పటికి తెములుతుందా అని నేను కుమిలిపోతుండగా, బాబాయికి కిట్ కారు పిచ్చి పట్టింది.

కిట్ కారంటే ముక్కలుగా వచ్చే కారు. ఫ్రేము, ఫైబర్ బాడీ రావులపాలెంలో లారీ దిగాయి. ఇంజను మాత్రం ఎవరిదో పాత చిన్న కారుది. బాబాయి కొబ్బరికాయల కొట్టులో కాయలను ఒక మూలకి తోసి, పైకప్పు లేని రెండు సీట్ల కారు ఒకటి నిలబెట్టాడు. (దానికి కాగితాలున్నాయా అని అడగకండి. అడిగినవాళ్ళందరికీ బాబాయి “ఇంకా ట్రయలండీ” అని చెప్పేవాడు.) తీరా క్లచ్ సరిగా పట్టడం లేదని విప్పి చూస్తే, ఇంజను వెనకాల తిరిగే బరువైన ఇనుప చక్రం, అంటే ఫ్లైవీల్, పూర్తిగా అరిగిపోయి ఉంది. కొత్తది వేయాలి. ఎలాంటిది?

మా వైపు ఇలాంటి ప్రశ్న ఒకటి పుడితే చాలు, అరుగు మీద సభ దానంతట అదే కూడుతుంది. కారు నడపడం రానివాళ్ళంతా వచ్చారు. పాతదాన్నే లేతు మీద చెక్కించమన్నారు ఒకరు. పోత ఇనుమును పలచగా చెక్కితే వేగంలో పగిలి ముక్కలు ఎగురుతాయని నేను చెప్పాను. “ఆయ్, నిజమేనండి” అని అందరూ ఒప్పుకుని, మళ్ళీ చెక్కించమనే అన్నారు. పిన్ని మాత్రం కాఫీ గ్లాసులు తీస్తూ, “ముందున్నలాంటిదే వేయించెయ్యండి, పీడా పోద్ది” అంది. ఇంజనీరింగ్ చదివిన నేను పిన్ని మాట వింటానా? చక్రం బరువు తగ్గితే ఇంజను చటుక్కున వేగం అందుకుంటుందని పుస్తకాల్లో చదివాను. కోయంబత్తూరు నుంచి అన్నిటికంటే తేలికైన అల్యూమినియం చక్రాన్ని తెప్పించాను. కొబ్బరి తోటలో వరసల మధ్య నడిపి చూస్తే కారు జింకపిల్లే! అది చూసి నాన్న కూడా మెత్తబడ్డారు.

“సరే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దీన్ని రావులపాలెం దాకా నడుపు. చేరితే చెన్నై వెళ్ళు.”

నేను మర్చిపోయింది ఒక్కటే. కొబ్బరి తోటలో మమ్మల్ని ఎవరూ పలకరించలేదు. (ఇక్కడ ఒక్క నిమిషం. పక్క గదిలో నిద్రపోతున్న మా పాప కదిలినట్టుంటే, చూసి వచ్చాను. ఊపిరి బాగానే ఆడుతోంది.)

బరువైన చక్రం ఇంజను నెమ్మదించినా తిరగడం మానదు. తేలికది అలా కాదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజను ప్రాణం వదిలేస్తుంది. మా రోడ్డు మీదేమో కాలు తీయకుండా వెళ్ళడం కుదరదు. వీధి మలుపులోనే రిటైరైన మాస్టారు చెయ్యెత్తారు.

“ఏవండీ, ఎక్కడికండీ బయల్దేరేరు?”

“ఆపమ్మా, మాస్టారు!” అన్నారు నాన్న. ఆపాను. కారు వణికి చచ్చింది. “ఆయ్, రావులపాలెం దాకానండీ. అమ్మాయి ఇంజనీరండీ.” తిరిగి స్టార్ట్ చేసి గట్టిగా తొక్కితేగాని కదలదు. ఆ అరుపుకి మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

“దీనికి ఒంట్లో బాగాలేదాండీ?”

“నాన్నా, చెయ్యి ఊపేసి వెళ్ళిపోకూడదా?” అన్నాను.

“వాళ్ళింట్లో పెళ్ళికి భోంచేసి వచ్చామే! ఊపేసి పోతామా?”

నాన్న మా మండలంలో ఎవరి పెళ్ళిలో భోంచేయలేదో నాకు ఆ రోజు తెలిసింది. అలాంటివాళ్ళు ఎవరూ లేరు. కాలవ గట్టు మీద ఒకావిడ “మజ్జిగ తాగి వెళ్దురుగాని అన్నయ్యగారూ” అంటే ఆగాం. ఆగినప్పుడల్లా కారు చచ్చింది, చచ్చినప్పుడల్లా జనం చేరారు. బ్యాటరీ నీరసించాక తోశారు కూడా. తోసేవాళ్ళు ఊరికే తోస్తారా? “ఎవరమ్మాయండీ? ఏం చదివిందండీ?” అని అడిగారు. తోస్తున్నవాళ్ళకి జవాబు చెప్పకపోతే మర్యాద కాదని నాన్న మళ్ళీ ఆపించారు.

చివరికి కాలవ వంతెన ఎక్కుతుంటే ముందు అరటి గెలల లారీ నిలిచిపోయింది. దాని వెనక మేమూ ఆగాం. ఈసారి చావనివ్వకూడదని బలమంతా పెట్టి తొక్కుతూ క్లచ్ వదిలాను. కారు కప్పలా ఎగిరి లారీ వెనక వేలాడుతున్న గెలను ముద్దు పెట్టుకుని, అక్కడే కన్నుమూసింది. నాన్న ఒళ్ళో అరటికాయలు రాలాయి. వంతెన మీది జనమంతా మమ్మల్ని ఎరిగినవాళ్ళే.

నాన్న నెమ్మదిగా దిగి, పంచె దులుపుకుని, పిట్టగోడ మీద కూర్చున్నారు. చెన్నై అక్కడితో అయిపోయిందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నువ్వు చెన్నై వెళ్ళమ్మా” అన్నారు.

“రావులపాలెం చేరలేదు కదా నాన్నా?”

“చేరితే అక్కడ కూడా పరువు పోద్ది. ఇలాంటివన్నీ నువ్వు చెన్నైలో చేసుకో. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళుండరు.”

అలా వచ్చింది నాకు ఉద్యోగం, ప్రతిభతో కాదు, పరువు కాపాడుకోవడం కోసం. బాబాయి ఆ వారమే మామూలు బరువున్న చక్రం వేయించుకున్నాడు. కారు ఇప్పటికీ ట్రయల్లోనే ఉంది, అందరి దగ్గరా ఆగుతూ.

ఇప్పుడు నేను చెన్నైలో పాపని వెనక సీట్లో బెల్టుతో కట్టేసి కారు నడుపుతాను. గుంత కనబడితే బ్రేకు, కుక్క కనబడితే బ్రేకు, ఏమీ కనబడకపోతే ఎందుకు కనబడటం లేదా అని బ్రేకు. వెనక ఆటోవాళ్ళు హారన్లు కొడుతూ తమిళంలో ఏదో అంటారు. ఆ జింకపిల్ల కారు నడిపిన పిల్ల, అంటే అప్పటి నేను, గనక ఇప్పుడు నా వెనక వస్తుంటే, అందరికంటే గట్టిగా తనే హారన్ కొట్టి, నన్నొక చూపు చూసి దూసుకుపోయేది. నేను ఎడమకి జరిగి దారి ఇచ్చేదాన్ని. పక్క నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కసారి అద్దం దించి, ఎక్కడికమ్మా బయల్దేరేవు అని అడగాలనిపిస్తుంది. అది ఆగదు, నాకు తెలుసు.