వాసన లేనిది

జిలానీ బాషా సారుకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని ఆయన భార్య హుస్నా అంటుంది. రంజాన్ నెలవంక కళ్లెదుట కనబడినా ఇంకో ఇద్దరిని అడిగితే తప్ప నమ్మడట. ఇక్కడ కువైట్‌లో, షర్క్ మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూస్తాడు, కన్ను నొక్కి చూస్తాడు, చివరికి చేపను వదిలేసి అమ్మేవాడి ముఖం చూస్తాడు. అనుమానం పెనుభూతం అంటారు గదా, ఈయన దాన్ని పాలుపోసి పెంచుకున్నాడు. రాయచోటి మనిషి. కాపురం ఎగైలాలో, ఉద్యోగం ఒక ఇండియన్ స్కూల్లో సైన్సు చెప్పడం.

శుక్రవారం పొద్దున మాత్రం మా దగ్గరికి వస్తాడు. షర్క్‌లో ఒక ట్రావెల్ ఆఫీసు వెనక గదిలోంచి మేం నలుగురం కలిసి తెలుగు ఇంటర్నెట్ రేడియో నడుపుతున్నాం. అందులో 'ఎందుకట్లా?' అనే కార్యక్రమానికి జవాబులు ఆయనవి, ఫోన్లు నావి. నా పేరు సుబ్బన్న, మాది కడప. నాకు ఓపిక తక్కువ, ఆయనకు నమ్మకం తక్కువ.

ఎవరేం అడిగినా ఆయన మొదటి మాట ఒకటే: "ఎవరు అడగమన్నారు?" కార్యక్రమం పెట్టిన కొత్తలో ఎవరో ఇంజనీరు గొంతు మార్చి, ఏమీ తెలియనివాడిలా ఫోన్ చేసి, ఆయన్ను తికమక పెట్టాడు. అప్పటినుంచి ప్రతి ఫోనూ తనకు పెట్టిన పరీక్షే అనుకుంటాడు. ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లెందుకొస్తాయని ఒక వంటమనిషి అడిగితే, రోజూ కోసేదానివి ఇవాళే ఎందుకు అడిగావని ఆరా తీశాడు. ఆమె విసుక్కుని పెట్టేసింది. నాకు తిక్కరేగింది.

"సార్, మీరు మేష్టరా, పోలీసా?"

"ప్రశ్న యాడినుంచి వచ్చిందో తెలీకుంటే జవాబు యాడికి పోవాలో తెలీదబ్బా" అన్నాడు.

మొన్న జనవరిలో ఒక శుక్రవారం. బయట ముసురు, ఎముకలు కొరికే చలి. జాబ్రియా నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఒక ఇంట్లో పనిమనిషి, పేరు సూరాయమ్మ. గోదావరి యాస. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"గురువుగారూ, టీలో కలిపితే వాసన రానిదీ, రుచి తెలీనిదీ ఏదన్నా ఉందాండి?"

నా చెయ్యి లైను కట్ చెయ్యడానికి పోయింది. శ్రోతల వాట్సాప్ గ్రూపులో అప్పటికే గోల, ఎవరి కొంపకో ఎసరు పెడుతోంది, పోలీసులకు చెప్పండి అని. బాషా సారు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎవరికి కలపాలమ్మా?"

"నేను కలపడం కాదండి బాబూ! నాకే కలుపుతున్నారు. చలి మొదలయ్యాకా వంటకి ఇఫ్ఫత్ అని కొత్తగా వచ్చిందండి. పడుకునే ముందు టీ ఇత్తది. అది వచ్చినకాడ్నుంచీ పొద్దున్న లేత్తే తల పగిలిపోతందండి, వాంతులండి. నన్ను ఊరు పంపించేసి దాని చెల్లెల్ని తెచ్చుకుంటదంట. ఇయ్యాల మామా బయటినుంచి రాగానే చెప్పేత్తానండి."

మామా అంటే ఇంటి యజమానురాలు. ఆవిడ చెవిన ఈ మాట పడితే ఇఫ్ఫత్ పోలీస్ స్టేషన్లో ఉంటుంది. ఉండనీ, విషం పెట్టేదానికి అదే తగినశాస్తి అనుకున్నాను.

"నీకు ఆమె మీద అనుమానం. నాకు నీ మీద అనుమానం" అన్నాడు సారు. "అడిగిందానికి చెప్పు. పగలు తగ్గుతుందా?"

"డాబా మీద బట్టలారేత్తుంటే తగ్గుద్దండి."

"నొప్పి రాని దినాలు ఏవన్నా ఉన్నాయా?"

"మామా వాళ్లు ఎడారిలో టెంటుకెళ్లినప్పుడు రాలేదండి."

"ఇఫ్ఫత్ కూడా పోయిందా?"

"లేదండి. ఇంట్లోనే ఉంది. టీ కూడా ఇచ్చింది."

సారు కుర్చీలో ముందుకు జరిగాడు. "మరి ఆ దినాల్లో ఇంట్లో ఏం లేదు?"

"కుంపటి లేదండి. ఆళ్లే పట్టుకుపోయారు. చలికి చచ్చేననుకోండి."

ఇక్కడి ఇళ్లలో చలికాలం బొగ్గుల కుంపటి మీద టీ పెట్టుకుని చుట్టూ చేరతారు. అందరూ దాని చుట్టునుంచి లేచిపోయాక మిగిలిన నిప్పులను, పొగ రావడం లేదు గదా అని, డాబా మీది తన గదిలోకి తీసుకుపోతుందట సూరాయమ్మ.

"ఇప్పుడు కుంపటి యాడుంది?"

"నా పక్కనే ఉందండి, పొద్దున్న టీ పెట్టిన నిప్పులతో. ఇఫ్ఫత్ వినకుండా తలుపు గడేసి, కింద సందులో తువ్వాలు కుక్కేనండి."

సారు లేచి నిలబడ్డాడు. "తలుపు తియ్! నువ్వడిగిన వాసన లేనిది ఆ బొగ్గుల్లోనే ఉందమ్మా. కార్బన్ మోనాక్సైడ్ అంటారు. ప్రాణం తీస్తుంది. బయటికి పో!"

"కాళ్లు... లేవట్లేదండి."

"ఇఫ్ఫత్‌ను కేకెయ్!"

"దాన్నా..."

ఆపైన మాట లేదు. మా దగ్గర ఇంటి నంబరు లేదు, యజమాని పేరు లేదు. నేను అంబులెన్సుకు ఫోన్ చేసి జాబ్రియా అని మాత్రం చెప్పగలిగాను. సారు మైకు పట్టుకుని, "ఇఫ్ఫత్, వింటాంటే పైకి పరిగెత్తు తల్లీ!" అని అరుస్తూనే ఉన్నాడు. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

ఫోన్లో కిటికీ అద్దం భళ్లున పగిలింది. ఆ వెంటనే మా సీమ యాసలో ఒక ఆడగొంతు, ఏడుస్తూ తిడుతోంది.

"నేను విషం పెట్టినానంటివే! కువైటంతా ఇనింది! లెయ్, లేసి నా మొగం జూసి చెప్పు!"

మనిషిని ఈడుస్తున్న చప్పుడు. చాలాసేపటికి ఒక దగ్గు. సారు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. కింద వంటగదిలో ఇఫ్ఫత్ మా కార్యక్రమమే వింటోంది. తన మీద పడిన నింద మొత్తం విని కూడా పరిగెత్తింది.

తర్వాతి శుక్రవారం మొదటి ఫోన్ ఇఫ్ఫత్‌ది.

"సార్, మీరు గూడా నన్ను అనుమానపడినారా?"

ఎవరు అడగమన్నారని ఆయన అడగలేదు. "పడినానమ్మా. టెంటు మాట వినేదాకా పడినాను" అన్నాడు. "సూరాయమ్మ ఎట్లుంది?" అని అడిగాడు.

"బాగుంది సార్. ఆసుపత్రినుంచి వచ్చి నా చేతులు పట్టుకునింది. మామా కరెంటు హీటరు కొనిచ్చింది."

"టీ ఇస్తాండావా?"

అడగరానిది అడిగాడని నాకు ఒళ్లు మండింది.

"ఇస్తాండా సార్. ముందు నేనొక గుక్క తాగి, ఆ గ్లాసే ఇస్తాండా. అట్ల తాగొద్దని ఆమె దినామూ ఏడుస్తాది. తాగకుండా ఇచ్చేది నాకే చాతగాల్యా."